డెబ్బై శాతం దాటితే

లెక్కల క్లాసులో నోరెత్తితే సుద్దముక్కతో నుదురు పగలగొట్టే మాస్టార్ల దగ్గర చదువుకున్నవాళ్ళకి ఈ సంగతి చెబితే నమ్మరు. ఆ యూనివర్సిటీలో సాయంత్రం బ్యాచ్‌కి స్టాటిస్టిక్స్ చెప్పే సారు, "మాట్లాడుకోండి బాబూ, మీకు పుణ్యముంటుంది, మాట్లాడుకోండి" అని క్లాసుని బతిమాలేవాడు. చేతులు రెండూ ఊపుకుంటూ వరసల మధ్య తిరిగేవాడు. ఎవరైనా బిగుసుకుని కూర్చుంటే అక్కడ ఆగి, "ఏమ్మా, పక్కావిడ మీద అలిగారా?" అని అడిగేవాడు. పాపం, ఆయన తప్పేం లేదు. ఎక్కడో శిక్షణకి వెళ్ళొచ్చి, బోర్డు నిండా రాసి చెరిపే చదువు చదువే కాదని గట్టిగా నమ్మేశాడు. పాఠం ఇంట్లో వీడియోలో చూసుకుని రావాలి. క్లాసులో మాత్రం ప్రశ్నలే. ప్రతి ఒక్కరికీ అరచేతిలో పట్టేంత రిమోటు, దాని మీద నాలుగు బటన్లు, వెనకాల నంబరు చీటీ.

పద్ధతి చాలా సులువు. తెరమీద ప్రశ్న పడుతుంది, కింద నాలుగు జవాబులు. మొదటిసారి ఎవరికి వాళ్ళే ఆలోచించి నొక్కాలి, గుసగుసలు కూడా కూడదు. నూటికి డెబ్బైమంది సరిగ్గా నొక్కేస్తే సారు "అందరికీ వచ్చేసింది!" అని చప్పట్లు కొట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతాడు. అంతకు తగ్గితే మాత్రం పక్కమనిషి వైపు తిరిగి, నీ జవాబే ఎందుకు సరైందో చెప్పి ఒప్పించాలి. దానికి రెండు నిమిషాలు. ఆ తర్వాత అదే ప్రశ్నకి మళ్ళీ నొక్కాలి. మొదటిసారి కంటే రెండోసారి సరైన జవాబులు పెరిగితే సారు మొహం చూడాలి మీరు, కొత్త బట్టలు కట్టుకున్న పిల్లాడిలా ఉండేది. అందరూ ఆయన్ని డెబ్బై శాతం సారనేవాళ్ళు. డిపార్టుమెంటు హెడ్డు మాత్రం ఆ క్లాసు ముందునుంచి వెళుతూ "మొదలైందా రిమోట్లాట?" అని వెక్కిరించి పోయేవాడు.

సాయంత్రం బ్యాచ్ అంటే పనిచేసుకుంటూ చదువుకునేవాళ్ళు. బ్యాంకాయన ఒకడు, మందులషాపావిడ ఒకరు, చేతికి ఎప్పుడూ పైపుల జిగురు అంటుకుని వచ్చే ప్లంబరు ఒకడు, ఇలా ఓ ఇరవైమంది. అందరికీ ఇళ్ళూ పిల్లలూ తలనొప్పులూ ఉన్నాయి. క్లాసు అయిపోయిందంటే చాలు, వెనకాల ఎవరో తరుముతున్నట్టు పోయేవాళ్ళు. వాళ్ళ మధ్య పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒక్కతి. పొద్దుటి బ్యాచ్ నిండిపోయాక ఆలస్యంగా చేరింది గనక ఇక్కడికొచ్చి పడింది. అందరూ ఆమెని పాప అనేవాళ్ళు. అనేవాళ్ళంటే, పిలవాల్సి వస్తే అలా పిలిచేవాళ్ళు. పిలవాల్సిన పని మాత్రం ఎవరికీ పడేది కాదు.

పాప పిన్నిగారింట్లో ఉండేది. పిన్ని ఆస్పత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ. పాప క్లాసు నుంచి ఇల్లు చేరేసరికి పిన్ని వెళ్ళిపోయుండేది. పిన్ని తిరిగొచ్చి, కర్టెన్లు వేసుకుని పడుకున్నాక పాప పిల్లిలా అడుగులు వేసుకుంటూ తిరిగేది. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులున్నారనడానికి సింకులో గిన్నెలే సాక్ష్యం. అమ్మ వేరే ఊళ్ళో దుకాణం చూసుకుంటూ రోజూ ఫోన్ చేసేది. "తిన్నావా?" ఊ. "చదువుతున్నావా?" ఊ. ఇంతలో బేరమేదో వచ్చేది, ఫోన్ పెట్టేసేది. ఒక్కోరోజు బస్సులో "కాస్త జరుగుతారా" అనబోతే పాపకి గొంతు పెగిలేది కాదు. పొద్దుటినుంచీ వాడని గొంతు మరి! ఓసారి దగ్గి, సవరించుకుని, మళ్ళీ అడగాల్సి వచ్చేది.

నోట్లో నాలుక లేని పిల్లని చిన్నప్పటినుంచీ పేరు. తనంతట తాను ఎవర్నీ పలకరించలేదు, ఏం మాట్లాడాలో తెలీదు. ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే వచ్చి మాట్లాడితే బాగుండునని మాత్రం రోజూ అనుకునేది. మెట్ల మీద, క్యాంటీన్లో, లైబ్రరీలో, ఎదురుగా ఎవరొచ్చినా మొహం కాస్త విప్పార్చుకుని చూసేది. వాళ్ళు పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ పిల్లకి ఏడుపొచ్చేది. ఏడిచేది కూడా. దాచడమెందుకు?

లెక్కలు మాత్రం ఆ పిల్లకి వెన్నతో పెట్టిన విద్య. సారు ప్రశ్న చదవడం పూర్తయ్యేలోగా జవాబు తేలిపోయేది. అలాంటి పిల్ల ఓ రోజు తప్పు నొక్కింది. కావాలని కాదు, బొటనవేలు జారి పక్క బటన్ మీద పడింది. ఆ పిల్ల చేరాక అప్పటిదాకా ఏ ప్రశ్నా డెబ్బైకి తగ్గలేదు. ఆ వేళ లెక్క తేలేసరికి సరైన జవాబులు అరవై అయిదు శాతం. ఆ పిల్ల సరిగ్గా నొక్కి ఉంటే డెబ్బై అయ్యేది. "అయితే మాట్లాడుకోండి!" అన్నాడు సారు, పండగొచ్చినంత సంబరంగా.

పక్కసీటు మనిషి తిరిగి, "నువ్వేం నొక్కావ్ పిల్లా?" అంది.

ఆ భవనంలో ఆ పిల్లతో ఒక మనిషి అన్న మొదటి మాట అదే.

పక్కసీటావిడ సిటీ బస్సు నడుపుతుంది. అందరూ డ్రైవరక్క అంటారు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నానికి దిగి, ఇంటిపని చక్కబెట్టుకుని, డిపో చొక్కా మీద స్వెట్టరు తగిలించుకుని క్లాసుకొచ్చేది. నడుంనొప్పి ఆమెకి. డిగ్రీ చేతికొస్తే స్టీరింగు వదిలేసి డిపో ఆఫీసులో బస్సుల టైములు వేసే కుర్చీలోకి మారొచ్చు. అన్ని పేపర్లూ అయిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు. అందుకని రిమోటుని స్టీరింగు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుని కూర్చునేది.

"రెండోది నొక్కాను," అంది పాప, గొంతు సవరించుకుని.

"తప్పు! నాణెం వరసగా అయిదుసార్లు బొమ్మ పడిందే అనుకో. అయితే ఆరోసారి బొరుసు పడి తీరాలా? నాణేనికేం గుర్తుంటుంది? నిన్నంతా నాకు ఎర్రలైట్లే పడ్డాయని ఇవాళ ఆ లైటు జాలిపడి పచ్చగా మారుతుందా? దాని దారి దానిదే, నా ఖర్మ నాదే."

పాపకి నవ్వొచ్చింది. "ఓహో," అంది. "ఇప్పుడర్థమైంది అక్కా."

ఆ "ఓహో" విని డ్రైవరక్క మొహం ఎంత వెలిగిపోయిందంటే చెప్పలేను. రెండేళ్ళుగా ఆ సబ్జెక్టులో అందరూ ఆమెకి చెప్పినవాళ్ళే గానీ, ఆమె దగ్గర ఒక ముక్క నేర్చుకున్నవాళ్ళు లేరు. రెండోసారి నొక్కినప్పుడు పాప సరైంది నొక్కింది. అక్క ఆ పిల్ల భుజం తట్టి, "చూశావా మరి!" అంది. ఆ రాత్రి పాప పక్కమీద పడుకుని ఆ రెండు నిమిషాల్నీ మొదటినుంచి చివరిదాకా తలుచుకుంది. భుజం మీద చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోవడానికి చూసింది, గుర్తురాలేదు.

తర్వాతి క్లాసులో మొదటి రెండు ప్రశ్నలకీ పాప సరైందే నొక్కింది. రెండుసార్లూ డెబ్బై దాటింది. "అందరికీ వచ్చేసింది!" డ్రైవరక్క తెర వైపే చూస్తూ కూర్చుంది, ఇటు తిరగలేదు. మూడో ప్రశ్న పడింది. పాప బొటనవేలు సరైన బటన్ మీదికి వెళ్ళింది, అక్కడ ఆగింది, పక్కదాని మీదికి జరిగింది.

ఇక చూడండి, ఆ పిల్ల అందులో ఆరితేరిపోయింది. తప్పయితే చాలదు, నమ్మించే తప్పు కావాలి. ఏ జవాబు దగ్గర మామూలు మనిషి బోల్తా పడతాడో వెతికి అదే నొక్కేది. ఒక్క ఓటుతో పని జరగదని తోచిన రోజున, ప్రశ్న చదువుతున్నట్టు నటిస్తూ "మూడోదేమో..." అని నిట్టూర్చేది, వెనకబెంచీ ప్లంబరుకి వినపడేంత గట్టిగా. ప్లంబరు పాపం నమ్మి మూడోది నొక్కేవాడు, బ్యాంకాయన ప్లంబరుని చూసి నొక్కేవాడు. శాతం దబ్బున పడేది. సారు చేతులు రుద్దుకుంటూ "మాట్లాడుకోండి!" అనేవాడు. డ్రైవరక్క కుర్చీతో సహా ఇటు తిరిగేది. చదువురాని పిల్లలా నటించడం ఎంత కష్టమో ఆ పిల్లనడిగితే చెబుతుంది. అయినా ఆ రెండు నిమిషాల కోసం రోజంతా ఓర్చుకునేది.

అక్క ప్రతి లెక్కలోనూ బస్సుని దూర్చేది. ఒకటి జరిగాక రెండోది జరిగే అవకాశమెంత అని ప్రశ్న వస్తే, "మా పన్నెండో నంబరు రూటుంది చూడు," అని మొదలుపెట్టేది. వాన పడ్డ రోజు ఆలస్యమయ్యే బస్సులు వేరు, ఆలస్యమైన రోజుల్లో వాన పడ్డవి వేరు, ఆ రెండూ కలిపేస్తే డిపో మేనేజరు తిట్లు తప్పవు. అలా చెబుతూ చెబుతూ ఇంటి సంగతుల్లోకి జారిపోయేది. వాళ్ళాయన వంట, పెద్దకొడుకు పళ్ళకి వేయించిన తీగలు, ఏ టీవీ సీరియల్లో ఎవరు చచ్చారో రోజూ ఫోన్ చేసి చెప్పే అత్తగారు. మధ్యలో ఎక్కడైనా లెక్క తప్పితే పాప బిక్కమొహం వేసుకుని, "అక్కా, మరి వాన పడకుండా కూడా ఆలస్యమైతేనో?" అని అడిగేది. అక్క టక్కున ఆగి, నుదురు కొట్టుకుని, "అవును కదూ, ఉండు ఉండు," అని సరిచేసుకునేది. అలా ఒకటొకటే పట్టుబడుతూ వచ్చాయి ఆమెకి. రెండేళ్ళు తలకెక్కనిది నాలుగు నెలల్లో ఎక్కింది.

పాపకి ఇదంతా మోసమని తెలియకపోలేదు. ఇవాళ చెప్పేద్దాం, రేపు చెప్పేద్దాం అనుకునేది. చెబితే అక్క ఇటు తిరగదు, తిరగాల్సిన పనేముంటుంది? ఆ భయంతో మళ్ళీ తప్పు నొక్కేది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. సారు ఒకరోజు ఉబ్బి తబ్బిబ్బవుతూ క్లాసులోకొచ్చాడు. హెడ్డు నోరు మూయించడానికి ఆ టర్ములో అందరి రిమోట్ల జవాబులూ బయటికి తీసి పటం వేయించాడట. "పేర్లు చెప్పను," అన్నాడు. "ఒక్కటే చూపిస్తా. తొమ్మిదో నంబరు రిమోటు." తెరమీద రెండు వరసలు పడ్డాయి. పైవరస మాట్లాడుకోకముందు నొక్కినవి, కిందివరస మాట్లాడుకున్నాక నొక్కినవి. మాట్లాడుకోవాల్సి వచ్చిన ప్రశ్నలు మాత్రమే, మొత్తం ఇరవై నాలుగు. పైవరస మొత్తం ఎరుపు. కిందివరస మొత్తం పచ్చ.

"చూశారా! ఒక్కటంటే ఒక్కటి రాని మనిషి, పక్కమనిషి మాటతో ప్రతిసారీ దార్లో పడ్డారు. నేను గంట మొత్తుకున్నా కాని పని రెండు నిమిషాల్లో అయింది. ఆ పక్కమనిషి ఎవరో గానీ వాళ్ళకి దండం పెట్టాలి."

పేర్లు చెప్పకపోతే మాత్రం ఎవరికి తెలీదు? తొమ్మిదో నంబరు చీటీ పాప రిమోటు వెనకే ఉంది. ప్లంబరు ఈల వేశాడు. మందులషాపావిడ చప్పట్లు మొదలుపెట్టింది, క్లాసంతా అందుకుంది. డ్రైవరక్క సిగ్గుతో మెలికలు తిరిగిపోయి, స్వెట్టరు అంచు లాక్కుంటూ, "ఊరుకోండి, నేనేం చేశాను, పిల్లే తెలివైంది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయామెకి. పాప బల్లకేసి చూస్తూ కూర్చుంది.

అక్కడితో వదిలేసుంటే సరిపోయేది. లెక్కల మాస్టారు కదా, ఊరుకుంటాడా? "సరే, దీన్నే ప్రశ్న చేద్దాం," అన్నాడు. "కిందివరస చూడండి. ఏమీ రాని మనిషి గుడ్డిగా నొక్కుకుంటూ పోతే ఇరవై నాలుగూ సరైపోయే అవకాశమెంత? ఆలోచించి నొక్కండి."

డ్రైవరక్క ఫోన్లో కాలిక్యులేటర్ తీసి పావుని పావుతో గుణించుకుంటూ పోయింది. తెరమీద సున్నాలే సున్నాలు. అదృష్టం కానే కాదు, నిజంగా నేర్చుకున్నదే! ఆమె తృప్తిగా నవ్వుకుని, బటన్ నొక్కి, మళ్ళీ ఆ పటం వైపు చూసింది. కిందివరస చూసి, పైవరస చూసింది. అక్కడే ఉండిపోయింది. కాసేపటికి ఫోన్ మళ్ళీ తీసి ఇంకేదో గుణించడం మొదలుపెట్టింది. ఈసారి ముప్పావుని ముప్పావుతో.

సరైనవి సగమే వచ్చాయి. "మాట్లాడుకోండి!" అన్నాడు సారు. గది ఒక్కసారిగా గోలగోలైంది.

డ్రైవరక్క కుర్చీ తిప్పలేదు. మెడ మాత్రం తిప్పి ఫోన్ పాప ముందు పెట్టింది. "ఇది సరిగ్గా కట్టానా, చూడు."

పాప చూసింది. సరిగ్గానే కట్టింది.

"నాలుగు బటన్లలో మూడు తప్పే అయినా, గుడ్డిగా నొక్కితే ఇరవై నాలుగూ తప్పవడం వెయ్యికి ఒకసారి," అంది అక్క, గొంతు బాగా తగ్గించి. "నాకేమీ రాని రోజుల్లో, కళ్ళు మూసుకుని నొక్కినా ఓటీ అరా తగిలేవి పిల్లా. నీకు ఒక్కటి కూడా తగల్లేదు. ఒక్కటి కూడా తగలకుండా నొక్కాలంటే, ఏది సరైందో ముందే తెలిసుండాలి. అవునా?"

పాప రిమోటుని బోర్లా తిప్పి నంబరు చీటీని గోటితో గీకింది.

"అవునా కాదా?"

"అవును."

"మొదటిరోజు నుంచీనా?"

"మొదటిరోజు చెయ్యి జారింది. తర్వాతవన్నీ..."

"నేను చెబుతుంటే ఓహో అన్నావే. ప్రతిసారీ అన్నావే!" అక్క ఫోన్ వెనక్కి లాక్కుంది. "మా ఇంట్లో చెప్పుకున్నాను. డిపోలో చెప్పుకున్నాను, క్లాసులో ఓ పిల్లకి నేనే పాఠం చెబుతున్నానని. మా పెద్దోడు వాళ్ళ టీచరుకి కూడా చెప్పాడు. ఎంత నవ్వుకున్నావో లోపల."

"నవ్వలేదక్కా, ఒట్టు. నేను సరైంది నొక్కితే మీరు ఇటు తిరగరు. ఎవరూ తిరగరు. పొద్దుటినుంచీ నాతో ఎవరూ ఒక్క మాట కూడా..."

"నొక్కండి!" అన్నాడు సారు. డ్రైవరక్క నొక్కింది. క్లాసు అయ్యేదాకా ఇటు చూడలేదు. ఆ మర్నాడొచ్చి ముందువరసలో, మందులషాపావిడ పక్కన కూర్చుంది.

పాప పక్కసీటు ఖాళీ అయిపోయింది. ఆ వారమంతా పాప ప్రతి ప్రశ్నకీ సరైందే నొక్కింది. ఇంకెవరి కోసం తప్పు నొక్కాలి? డెబ్బై, డెబ్బై అయిదు, ఎనభై. "అందరికీ వచ్చేసింది!" అంటూ సారు ప్రశ్న మీద ప్రశ్న దాటించుకుంటూ పోయాడు. తొమ్మిదో నంబరు ఇప్పుడు మొదటిసారే సరిగ్గా నొక్కుతోందని చూసుకుని మరీ మురిసిపోయాడు, తన పద్ధతి అంత గొప్పగా పనిచేసిందట. డ్రైవరక్క ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. మందులషాపావిడ ఏదన్నా అడిగినా "నాకూ సరిగ్గా తెలీదండీ," అంటోంది. ఆ మాట వెనక కూర్చున్న పాప చెవిన పడింది. నా మూలంగా ఈవిడ మూడోసారి కూడా తప్పుతుందా అని భయం పట్టుకుంది.

సెలవురోజు పొద్దున్నే లేచి, పిన్ని ఇంకా రాకముందే బయల్దేరి, పన్నెండో నంబరు బస్సు ఎక్కింది. మూడు బస్సులు వదిలేశాక దొరికింది డ్రైవరక్క బస్సు. ఎక్కి, సరిగ్గా ఆమె వెనక సీట్లో కూర్చుంది. ఆమె తల పైన బోర్డుంది: బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు. చదువుకుని, సరేనని, పాప చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జనం ఎక్కారు, దిగారు. ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయారు. అక్క ఇంజను ఆపి, నడుం వెనక్కి విరుచుకుని, సీసాలో నీళ్ళు తాగింది.

"అక్కా, నేను."

"తెలుసు. ఎక్కేటప్పుడే అద్దంలో చూశా."

పాప దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఒక్క ఊపులో అనేసింది. "అక్కా, మీకు వచ్చు. నేను నటించినందుకు మీకు రాదని అనుకోకండి. ఆ వెయ్యికి ఒకటి ఎవరూ చెప్పలేదు, మీరే కట్టారు. సారుకి కూడా కనపడలేదది. పరీక్షలో మీరు తప్పరు, తప్పితే నేను..."

"అది నాకు తట్టలేదనుకున్నావా?" అంది అక్క, సీసా మూత బిగిస్తూ. "ఆ వేళ ఇంటికెళ్ళి మళ్ళీ కట్టి చూసుకున్నా. ఆ లెక్క నాదే. నిన్న పాత ప్రశ్నలు ముందేసుకుని కూర్చున్నా, అన్నీ వస్తున్నాయి. పరీక్ష సంగతి నాకొదిలెయ్."

"మరి కోపం దేనికక్కా?"

"కోపం కాదు తల్లీ." అక్క వెనక్కి తిరిగి సీటు మీద చెయ్యేసి పాప మొహంలోకి చూసింది. "మా ఆయన వంట నీకు తెలుసు. మా వాడి పళ్ళు నీకు తెలుసు. మా అత్తగారు, నా నడుం, మా మేనేజరు, అన్నీ నీకు తెలుసు. నాలుగు నెలలు పక్కపక్కన కూర్చున్నాం. నీ గురించి నాకు తెలిసింది ఒక్కటే, నీకు లెక్కలు రావని. అదీ అబద్ధమే. ఇంక నా పక్కన కూర్చున్నదెవరని అనుకోమంటావ్?"

పాప ఒళ్ళో పెట్టుకున్న చేతులకేసి చూసుకుంది. నాతో ఎవరూ మాట్లాడరని ఇన్నాళ్ళూ ఏడ్చిందే గానీ, మాట్లాడిన ఒక్క మనిషికి కూడా తాను ఒక్క నిజం చెప్పలేదు. పేరుకి పక్కనుంది, అంతే. ఆ సంగతి ఇంకొకరు చెప్పేదాకా తట్టనందుకు ఆ పిల్లకి తనమీద తనకే అసహ్యం వేసింది.

అక్క గడియారం చూసుకుని ముందుకి తిరిగింది. "బండి తియ్యాలి. ఎక్కడ దిగుతావ్?"

"లైబ్రరీ వెనకవీధి." పాప ఊపిరి తీసుకుంది. "అక్కడ మా పిన్నిగారిల్లు. పిన్ని నర్సు. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడ నిద్రపోతుంటుంది."

ఇంజను మోగింది. బస్సు కదిలింది. పాప ఆగలేదు. పిన్ని చెప్పులు గుమ్మంలో ఉంటే తలుపు చప్పుడు కాకుండా ఎలా వేయాలో చెప్పింది. అమ్మ ఫోన్ గురించి చెప్పింది, దుకాణంలో తక్కెడ పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకోవడం గురించి చెప్పింది, బళ్ళో ఫస్టొచ్చినందుకు ఎవరూ జట్టు కట్టకపోవడం గురించి చెప్పింది. క్యాంటీన్లో ఖాళీ బల్ల దొరకకపోతే తినకుండా వెళ్ళిపోతానని, ఎదురుగా ఎవరన్నా ఉంటే ఏం మాట్లాడాలో తెలీక ముద్ద దిగదని కూడా చెప్పింది. జనం ఎక్కుతున్నారు. పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు కర్రతో పైకి చూపిస్తూ, "అమ్మాయ్, ఆ బోర్డు కనపడ్డం లేదా?" అన్నారు.

"కనపడుతోందండీ," అంది పాప. అని, మళ్ళీ మొదలుపెట్టింది.

అక్క రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఒక్క మాట అనలేదు, ఊఁ కొట్టలేదు. అనకూడదు కూడా, డ్యూటీలో ఉంది. ఇంజను రొద ఒకటి, వెనక జనం గోల ఒకటి. అందులో ఆ సన్నటి గొంతు ఆమె చెవిదాకా వెళ్ళిందో లేదో పాపకి తెలియలేదు. వెళ్ళిందనుకుని చెప్పుకుంటూ పోయింది.

లైబ్రరీ వెనకవీధిలో బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. పాప మాట మధ్యలో ఉంది.

"దిగు," అంది అక్క. "వెనక బళ్ళు ఆగిపోయాయి."

పాప దిగింది. తలుపు మూసుకుంది, బస్సు వెళ్ళిపోయింది. చెప్పాల్సింది ఇంకా చాలా ఉండిపోయింది. ఇంటికెళితే పిన్ని అప్పుడే వచ్చి పడుకుని ఉంటుంది, లేపడానికి మనసొప్పదు. పాప స్టాపులో బల్ల మీద కూర్చుంది. ఈ బస్సు అటు చివరిదాకా వెళ్ళి ఇటే తిరిగి రావాలి. వచ్చాక ఎక్కడినుంచి మొదలుపెట్టాలో మనసులో అనుకుంటూ, రోడ్డు మలుపు వైపు చూస్తూ కూర్చుంది.